సన్నే పాట

నవంబర్ 2, ఆదివారం. కిరండుల్

విశాఖపట్నం నుంచి వచ్చే ఇనుప ఖనిజం లైన్లో ఆఖరి స్టేషన్. రైలు దిగాను. ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత. అప్పుడు అమ్మ పోతే రెండు రోజులు వచ్చాను గానీ నల్లకళ్ళద్దాలు తియ్యలేదు. ఊరిని చూడలేదనే చెప్పాలి.

ఈ నోట్‌బుక్ సీరియల్ వాళ్ళు ఇచ్చింది. ఆఖరి రోజు షూటింగ్‌లో, బొకేతో పాటు. సెప్టెంబరులో నన్ను చంపేశారు. గుండెపోటు. పదకొండేళ్ళు ఆ ఇంట్లో పెద్దత్తగారిగా తిరిగి, ఒక్క ఎపిసోడ్‌లో పోయాను. ఇప్పుడు ఆ సీరియల్ ఇంటి హాల్లో నా ఫోటో, దానికి దండ. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే కూర్చుని రోజూ ఆ ఫోటో చూడలేక వచ్చేశాను. మోకాలి నొప్పి అని అందరికీ చెప్పాను. అదీ ఉంది.

తమ్ముడు అప్పారావు స్టేషన్‌కి వచ్చాడు. రైల్వేలో చేసి, ముందుగానే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మరదలు సీత నన్ను చూసి గుమ్మంలోనే ఏడ్చింది. మొన్ననే కదా వదినా నిన్ను పాడెక్కించీసినారు, అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం రెండూ చేశాం.

తిన్నాక కంచం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్తే లాక్కుంది. ఏటొదినా, నువ్వు గిన్నెలు తోమడమేటి, ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు, అంది. నేను తెర మీది మధుమాలినిని కదా. అమ్మ కన్న నూకాలమ్మ అయితే తోమొచ్చు.

నవంబర్ 3

ఏడున్నరకి అందరం కూర్చుని సీరియల్ చూశాం. నా ఫోటోకి దండ మార్చారు.

నవంబర్ 5, బుధవారం

మోకాలికి ఎక్సర్‌సైజులు చేయించడానికి నర్సు వచ్చింది. సోమ్లీ అని, పాతికేళ్ళుంటాయి. ఊరి పక్క వాగుని గెడ్డ అంటాం, దాని అవతలి ఊరి పిల్ల. హిందీ మాట్లాడుతుంది, ఇంట్లో గోండి, మన ఇళ్ళకి తిరిగి తిరిగి తెలుగూ వచ్చేసింది. నన్ను నానీ, అంటే అమ్మమ్మా, అంటోంది. బాగుంది.

అది నా కాలు వంచుతుండగా జయరావు వచ్చాడు. ఇక్కడి తెలుగు సంఘం సెక్రటరీ. ఆదివారం కార్తీక వనభోజనాలట, అందులో నాకు సన్మానమట. ఫ్లెక్సీ డిజైన్ ఫోన్‌లో చూపించాడు. ‘మన కిరండుల్ ఆడపడుచు మధుమాలిని’. యాభై ఏళ్ళు పత్రికలకి విశాఖపట్నం అని చెప్పుకుంటూ వచ్చాను. నాన్న రైల్వే ఆఫీసరని చెప్పాను. నాన్న గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి నడిచి పోయాడు.

స్కూలు పిల్లలు నా పాత సినిమాలోని ‘సన్నే’ పాటకి డాన్సు చేస్తారట. ఆకుపచ్చ క్రేప్ కాగితంతో ఆకుల లంగాలు కుడుతున్నారట. చివర్న మీరు ఒక్క స్టెప్పు వేస్తే చాలు మేడమ్ అన్నాడు. సరే అన్నాను. మోకాలి సంగతి తలుచుకునే లోపే సరే అన్నాను. చెయ్యి దానంతట అది నడుము మీదికి వెళ్ళింది.

అతను ఫోన్‌లో పాట పెట్టాడు. సోమ్లీ చేతులు నా మోకాలి మీద ఆగిపోయాయి.

అతను వెళ్ళాక అడిగింది. నానీ, ఇవి మా మాటల్లాగ ఉన్నాయి గానీ అన్నీ విరిగిపోయినాయి, ఏంటివి, అంది. అర్థం ఏమీ లేదమ్మా, నోటికి వచ్చింది పాడాను, అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే. తడుముకోకుండా వచ్చింది.

వాళ్ళ అమ్మమ్మకి సన్నే అని ఒక చెల్లెలు ఉండేదట. చిన్నప్పుడే పోయిందట. ఈ పాట ఎక్కడ వినిపించినా అమ్మమ్మ ఆపించేస్తుందట, ఎందుకో చెప్పదట.

అమ్మమ్మ పేరేమిటని నేను అడగలేదు. అదే చెప్పింది. భీమే.

మంచినీళ్ళు కావాలన్నాను. నీళ్ళకి వెళ్ళిన కాసేపు చాలింది, ముఖం సర్దుకోవడానికి. అందులో నాకు ఎక్స్‌పీరియెన్స్ ఉంది.

నవంబర్ 6, గురువారం

భీమే. ఆ పేరు రాయడానికి ఒక రాత్రి, ఒక పగలు పట్టింది.

రాస్తాను. ఎవరికీ చూపించేది లేదు కదా.

ఈ లైను వేస్తున్న రోజుల్లో నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చాడు. గ్యాంగు క్వార్టర్ల వెనక గెడ్డ, గెడ్డ దాటితే భీమే వాళ్ళిల్లు. అమ్మ అప్పారావుని కడుపుతో ఉండి ఎప్పుడూ పడుకునే ఉండేది. నేను పొద్దున్న వాళ్ళింటికి వెళ్తే చీకటి పడేటప్పుడు వచ్చేదాన్ని. భీమే వాళ్ళమ్మ పెట్టిందే తిన్నాను. వాళ్ళ మాట నాకు ఎవరూ నేర్పలేదు, అన్నంతో పాటు వచ్చింది. నాకు పదకొండు, భీమేకి ఎనిమిది, సన్నేకి నాలుగు. సన్నే నా చంక దిగేది కాదు. నా జడ చివర నోట్లో పెట్టుకుని చీకేది.

వానల్లో జ్వరం వచ్చింది. మూడో రోజు పోయింది.

తీసుకెళ్ళి వచ్చాక అందరూ బయట కూర్చున్నారు. వాళ్ళమ్మ మాత్రం సన్నే జావ తాగే గిన్నె తెచ్చుకుని, బూడిద పోసుకుని, తోమడం మొదలుపెట్టింది. తోముతూ పాడింది. పాట అనకూడదు దాన్ని. నాలుగు మాటలు, గిన్నె మీద చెయ్యి తిరిగినట్టే తిరిగి తిరిగి వచ్చాయి. భీమే చెవులు మూసుకుని మూల కూర్చుంది. నేను వాళ్ళమ్మ పక్కనే కూర్చుని మొత్తం విన్నాను.

సన్నే, నీ గిన్నె తోమి బోర్లించాను.

సన్నే, కుక్క ఇంకా గుమ్మంలోనే పడుకుంది.

సన్నే, నువ్వు వచ్చే దారిలో ముళ్ళు ఏరేశాను.

నాలుగోది ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. వస్తుంది. ఇండస్ట్రీలో నాకు ప్రాంప్టర్ అక్కర్లేదని పేరు. నాలుగు పేజీల డైలాగు ఒక్కసారి చదివి చెప్పేదాన్ని.

నవంబర్ 7, శుక్రవారం

రెండో సంగతి. ఇది రాయడం ఇంకా కష్టం.

1976. మద్రాసు. నాకు ఇరవై ఒకటి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ నాటకాల్లో నన్ను చూసిన ఒకాయన తీసుకెళ్ళాడు. నాలుగేళ్ళుగా గుంపులో నిలబడుతున్నాను. ఆ రోజు అడవి సెట్. అట్ట చెట్లు. తొమ్మిది మంది అమ్మాయిలం, ఒంటికి నల్లరంగు, నడుముకి ఆకులు. నేను రెండో వరసలో చివర.

డైరెక్టర్‌కి అడవి వాళ్ళ పాట కావాలి. అసిస్టెంట్ ఏదో జింగుజింగు అని రాసుకొచ్చాడు, ఆయనకి నచ్చలేదు. ఎవరికైనా అలాంటి భాష ఏదైనా వచ్చా అని అడిగాడు.

నేను చెయ్యెత్తాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. ఇది ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. వాళ్ళింట్లో ఎన్ని పాటలు విన్నాను, నాట్లప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు. అవేవీ పాడలేదు. వాళ్ళమ్మ పాడింది పాడాను. అది వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుందని నాకు తెలుసు కాబట్టి పాడాను. మంచి సరుకని తెలిసి అమ్మాను.

మ్యూజిక్ డైరెక్టర్ కళ్ళు మూసుకుని విన్నారు. టేబుల్ మీద తాళం వేస్తూ ఇంకా స్పీడుగా అన్నారు. మళ్ళీ పాడాను. ఇంకా స్పీడుగా. డోలు పడింది. మాటలు తాళానికి తగ్గట్టు విరిచారు. మూడు చాలు, నాలుగోది పొడుగు, తీసెయ్ అన్నారు. తీసేశాను. డాన్సు మాస్టర్ నన్ను ముందు వరసలోకి లాగి నడుము మీద చెయ్యి పెట్టించాడు. సన్నే అన్న చోట కెమెరాకి కన్ను కొట్టాలి, క్లోజప్.

కొట్టాను. పదకొండు టేకులు.

ఆ తరవాతదంతా అందరికీ తెలిసిందే. ఆరు సినిమాల్లో హీరోయిన్, ఇరవై ఏడింట్లో చెల్లెలు, తరవాత వదిన, తరవాత తల్లి, ఆ తరవాత టీవీ. మొత్తం ఆ కన్ను కొట్టిన దగ్గర్నుంచే వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా సన్నే పిల్ల అనే పిలిచారు. పలికాను.

నవంబర్ 8

అప్పారావు పొద్దున్న నవ్వుతూ వచ్చాడు. అక్కని మా వైపు అప్పా అంటాం. అప్పా, నీకో సర్‌ప్రైజ్, నీ సిన్నప్పటి భీమేకి సోమ్లీ సేత కబురంపినాను, రేపు వొస్తాది, అన్నాడు. వాడు అప్పుడు పుట్టలేదు. వాడికేం తెలుసు.

జయరావుకి ఫోన్ చేసి ఆ పాట వద్దని చెప్పాలి. నంబర్ తీశాను. చెయ్యలేదు.

నవంబర్ 9, ఆదివారం. ఉదయం 6

నిర్ణయించుకున్నాను. భీమే రాగానే పక్కకి తీసుకెళ్ళి చెప్పేస్తాను. తరవాత పాట మార్పిస్తాను. నా పాటలు ఇంకా ఉన్నాయి, పిల్లలు ఏదో ఒక దానికి ఆడతారు.

ఏ చీర కట్టుకోవాలో చూసుకోవడానికి గంట పట్టింది. ఇది కూడా ఉన్నది ఉన్నట్టు.

అదే రోజు, సాయంత్రం 5

చెప్పలేదు.

పార్కులో ఉసిరిచెట్టు కింద స్టేజీ. భీమే వచ్చింది. ఆడవాళ్ళ చాప మీద మూడో వరసలో కూర్చుంది, సోమ్లీ పక్కన. జుట్టు మొత్తం తెల్లబడింది, అయినా గుర్తుపట్టాను. నేను దిగి వెళ్ళాలి. ఎనిమిది అడుగులు ఉంటుంది. ఈలోగా శాలువా కప్పారు, జయరావు మాట్లాడాడు, తరవాత ఇంకెవరో మాట్లాడారు. కాసేపాగి వెళ్దాం అనుకున్నాను. అలా రెండుసార్లు అనుకున్నాను.

పాట వేసేశారు. పన్నెండు మంది పిల్లలు, ముఖాలకి మసి, కాగితం ఆకులు. అందులో ఇద్దరు ముగ్గురు అచ్చంగా ఇక్కడి పిల్లలే, వాళ్ళకీ మసి పూశారు. నేను తల దించుకుని కూర్చోవాల్సింది. మేడమ్ మేడమ్ అని అరిచారు. ఫోన్లు లేచాయి. అన్ని ఫోన్లు ఒకేసారి నా వైపు లేచి ఎన్నాళ్ళయింది. చచ్చిపోయిన పెద్దత్తగారిని కదా నేను.

లేచాను. మోకాలు నొప్పి పుట్టలేదు. నడుము మీద చెయ్యి. సన్నే అన్న చోట కన్ను కొట్టాను. డెబ్భై ఏళ్ళ ముసలిదాన్ని. చప్పట్లు, ఈలలు. ఒక్క నిమిషం నాకు ఎంత హాయిగా ఉందో. అది రాయకపోతే ఇదంతా అబద్ధమే అవుతుంది.

తరవాత చూశాను భీమే వైపు. కోపంగా చూడలేదు. రైల్వే గేటు దగ్గర నిలబడి గూడ్సు బండి వెళ్ళిపోయే వరకూ ఆగేవాళ్ళు చూసినట్టు చూస్తోంది. బండి అయిపోయాక లేచింది. ముందు విస్తరి వేసి ఉంది, పులిహోర, బూరె, అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. విస్తరి మడిచి, సోమ్లీ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

సీత వచ్చి, వదినా ఏటి ఆ వుషారు, కుర్రపిల్లలు నీ ముందర దిగదుడుపే, అంది.

సిగ్గుగా ఉంది. సిగ్గు అనే మాట సీరియల్‌లో కోడళ్ళని తిట్టడానికి కొన్ని వందల సార్లు వాడి ఉంటాను. ఇదన్నమాట అది.

నవంబర్ 10

ఏమీ లేదు.

నవంబర్ 12, బుధవారం

సోమ్లీ వచ్చింది. కాలు వంచింది, చాపింది. ఏక్, దో, తీన్ అని లెక్కపెట్టింది. నానీ అని పిలవలేదు.

వెళ్తూ గుమ్మంలో ఆగి, అమ్మమ్మ నిన్ను ఇంటికి రమ్మంది, అంది. ఏమైనా చెప్పిందా అన్నాను. రమ్మంది, అంతే, అంది.

నవంబర్ 14, శుక్రవారం. మధ్యాహ్నం 3

వెళ్ళి వచ్చాను. అప్పారావు స్కూటర్ మీద దింపి, తను గెడ్డ దగ్గరే ఉండిపోయాడు. అలా ఉండమన్నాను.

ఇల్లు మారిపోయింది, రేకులు వేశారు. గుమ్మం అదే చోట ఉంది. భీమే మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. నూకీ అని పిలిచింది. నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకున్నాను. గోండి నాకు ముక్కలు ముక్కలుగా వస్తోంది. రెండు ముక్కలు అన్నానో లేదో చాల్లే అంది. తను చెప్తానంది, నన్ను వినమంది. తను గోండిలోనే చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

ఆ సినిమా ఇక్కడ టౌన్‌షిప్ గ్రౌండ్‌లో తెర కట్టి వేశారట. మన నూకీ సినిమాలో ఉందట అని వాళ్ళమ్మ అందరికంటే ముందు బయల్దేరిందట. భీమేని వెంటబెట్టుకుని, కొత్త చీర కట్టుకుని. తెర మీద నన్ను చూసి గుర్తుపట్టి, ఇది నా చేతి జావ తాగిన పిల్ల అని పక్కవాళ్ళకి చెప్పుకుందట. అప్పుడు పాట వచ్చిందట. పేరు వినగానే ముందుకి వంగిందట. మూడు మాటలూ విందట. చుట్టూ మగవాళ్ళు ఈలలు వేస్తున్నారట. వాళ్ళమ్మ లేచి నడిచిందట, దారిలో ఒకే ఒక్క మాట అందట. నూకీ ఏడవకుండా ఎలా పాడింది, అని.

తిట్టలేదట. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ పాడలేదట. అంతకు ముందు ప్రతి వానల్లో, సన్నే పోయిన రోజున, ఒక్కతే గిన్నె తోముతూ పాడేదట, భీమే ప్రతిసారీ చెవులు మూసుకునేదట.

వాళ్ళమ్మ పోయినప్పుడు, వాళ్ళ ఆచారం ప్రకారం, ఆవిడ గుర్తుగా రాయి నిలబెట్టారు. భీమే ఆ రాయి ముందు కూర్చుని ఆ పాటే తనకి వచ్చినంత వరకు పాడదామనుకుందట. ఆవిడకి ఇష్టమైనది, ఆవిడ సొంతంగా అల్లుకున్నది అదొక్కటే. సన్నే, అని మొదలుపెట్టగానే వెనకనుంచి ఎవడో కుర్రాడు సినిమా పాట అనుకుని ఈల వేశాడట. ఆపేసిందట. ఆ రాయి ముప్పై ఆరేళ్ళుగా పాట లేకుండా నిలబడి ఉంది. నన్ను తీసుకెళ్ళి చూపించింది. ఊరి చివర, నా భుజం ఎత్తు ఉంది.

నేను పోయే లోపల ఇక్కడ అది మొత్తం పాడాలి, అంది. నాకు మొత్తం రాదు నూకీ. నేను చెవులు మూసుకున్నాను. నువ్వు విన్నావు. తీసుకెళ్ళింది నువ్వే కాబట్టి తెచ్చేది కూడా నువ్వే, అంది.

అక్కడే నిలబడి నోరు తెరిచాను. డోలు వచ్చింది. నా గొంతులో ఆ డోలు ఒక్కటే ఉంది. నెమ్మదిగా పాడదామని ఎంత పట్టుకున్నా, రెండో మాటకి వచ్చేసరికి పరిగెత్తుతోంది. చూసుకుంటే చెయ్యి నడుము మీద ఉంది. భీమే ఆ చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. ఏడ్చాను. గ్లిజరిన్ లేకుండా ఏడ్చి చాలా ఏళ్ళయింది, ముక్కు కారుతుందని మర్చిపోయాను.

నాలుగోది? అని అడిగింది. గుర్తు లేదని చెప్పాను. తనకీ తెలీదు. తెలిసిన వాళ్ళు ఇంకెవరూ లేరు.

వచ్చేటప్పుడు, గుర్తొస్తే రా, రాకపోయినా బజారు రోజున కనిపించు, అంది. అది క్షమించడమో కాదో నాకు తెలీదు. అడగలేదు.

నవంబర్ 16

రాలేదు.

నవంబర్ 17

జయరావు వీడియో పంపాడు. నేను కన్ను కొట్టింది రీల్‌గా పెట్టారట, లక్ష మంది చూశారట. తీసెయ్యమన్నాను. మేడమ్ జోక్ చేస్తున్నారు అన్నాడు. నేను జోక్ చెయ్యడం లేదు జయరావు గారూ, అది ఒక తల్లి తన చచ్చిపోయిన పిల్ల కోసం ఏడ్చిన ఏడుపు, నేను దొంగతనం చేశాను, అన్నాను. మొదటిసారి పైకి అన్నాను. సరే మేడమ్ తీయించేస్తాను, అన్నాడు. తీయించాడు. మిగతాచోట్ల ఉన్నదాన్ని ఎవరు తీస్తారు.

వంటింట్లో సీత విన్నది. కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది.

నవంబర్ 19, బుధవారం

సోమ్లీకి నిజం చెప్పాను. మీ మాటలే అవి, నేనే విరిచాను, అన్నాను. తెలుసు, అమ్మమ్మ చెప్పింది, అంది. మళ్ళీ ఏక్, దో, తీన్. పదికి వచ్చాక, నొప్పిగా ఉందా నానీ, అంది.

సీరియల్ వాళ్ళు ఫోన్ చేశారు. పెద్దత్తగారికి కవల అక్క ఉన్నట్టు ట్రాక్ రాస్తున్నారట, డిసెంబరు నుంచి డేట్స్ కావాలట. ఇక్కడ పని ఉందన్నాను. ఏం పని మేడమ్ అన్నారు. ఒక మాట గుర్తు తెచ్చుకోవాలి అన్నాను. వాళ్ళకి నా వయసు గుర్తొచ్చి ఉంటుంది, టేక్ కేర్ మేడమ్ అని పెట్టేశారు.

నవంబర్ 21

బజారులో భీమే పక్కన గోనె పట్టా మీద కూర్చున్నాను. చింతపండు పోగులు పెట్టింది. ఎవరో ఒకావిడ నన్ను గుర్తుపట్టి సెల్ఫీ అంది. భీమే నా ముఖం చూసింది. నేను నూకాలమ్మని, ఆవిడని కాదు, అన్నాను. ఆవిడలాగే ఉన్నావే అనుకుంటూ వెళ్ళింది.

నాలుగో మాట మాత్రం గుర్తు రాలేదు. సన్నే జడ చీకడం గుర్తొచ్చింది, కుక్క రంగు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ మోచేతి దాకా బూడిద గుర్తొచ్చింది. ఆవిడ నోరు కదులుతోంది. వినపడటం లేదు.

నవంబర్ 23, ఆదివారం. ఉదయం 6.10

సీత లేవకముందే పెరట్లో పీట వేసుకుని నిన్నటి గిన్నెలన్నీ ముందేసుకున్నాను. పక్కింటి పొయ్యిలోంచి బూడిద అడిగి తెచ్చుకున్నాను. మోకాలు చంపేస్తోంది. చెయ్యి తిప్పుతూనే ఉన్నాను.

మూడో గిన్నె దగ్గర వచ్చింది. నాలుగో మాట. డోలు లేకుండా, ఆవిడ గొంతులో.

అప్పారావు స్కూటర్ తీస్తున్నాడు. ఆ రాయి దగ్గరికి చేరే దాకా దారిలో ఎవరితోనూ మాట్లాడను. ఆ మాట ఇక్కడ కూడా రాయను.